మా కారం సైటుకి లింకులు ఎలా వచ్చాయంటే

పోయిన వారం గుంటూరు అరండల్‌పేటలో ఒక ప్రింటింగ్ షాపుకి లేబుళ్లు వేయించుకోవడానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "అక్కా, మీకు వెబ్‌సైట్ల సంగతి తెలుసంట కదా, ఇది తీసుకోవచ్చా?" అన్నాడు. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ అది. 500 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మన సైటుకి వచ్చే లింకులు), అన్నీ డీఏ (సైటు బలానికి ఒక కంపెనీ వేసే అంకె) 50 పైనే, పదిహేను రోజుల్లో గూగుల్ మొదటి పేజీ, ధర ఆరు వేలు, ఇవాళే కడితే అయిదు.

"కట్టొద్దు నాన్నా" అన్నాను. ఎందుకు వద్దో అక్కడ నిలబడి చెప్పే తీరిక లేదు. నా వెనక పెళ్లి కార్డుల వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఆ అబ్బాయి కోసం, అలాంటి మెసేజే అందుకుని ఏం చేయాలో తోచక కూర్చున్న ఇంకెవరైనా ఉంటే వాళ్ల కోసం, తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను. 2022లో నేనూ ఇలాంటి ప్యాకేజీ కొన్నాను. దానివల్ల పోయింది, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పట్టింది, ఆ తర్వాత నిజమైన లింకులు ఎలా దొరికాయి, అన్నీ చెప్తాను.

మా బాబాయి గుంటూరు మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్నారు. ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో పట్టించిన కారం, ఆవకాయ, గోంగూర పచ్చడి కొరియర్‌లో పంపడం మొదలుపెట్టాడు. నేను పదేళ్లు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకున్నదాన్ని కాబట్టి సైటు పని నా మీద పడింది. 2021 సంక్రాంతికి సైటు పెట్టాం. ఆర్డర్లు వచ్చేవి, కానీ అన్నీ చుట్టాలవి, చుట్టాలు చెప్పిన వాళ్లవి. గుంటూరు మిర్చి కారం ఆన్‌లైన్‌లో కావాలని ఎవరైనా గూగుల్‌లో వెతికితే మేం ఆరో పేజీలో ఉండేవాళ్లం. ఆరో పేజీ దాకా ఎవరొస్తారు?

అప్పుడొచ్చింది ఒక ఏజెన్సీ నుంచి ఫోను. మాట మర్యాదగా ఉంది, లెక్కలు గడగడా చెప్పారు. ఎనిమిది వేలు కట్టాను. రెండు నెలల్లో ఆరో పేజీ నుంచి మూడో పేజీకి వచ్చాం. తమ్ముడు స్వీట్లు తెచ్చాడు. డిసెంబరు నెలాఖరుకు మళ్లీ ఆరో పేజీకి, అక్కడి నుంచి ఇంకా కిందికి పోయాం. ఆ డిసెంబరులోనే గూగుల్ తన స్పామ్‌బ్రెయిన్ అనే వ్యవస్థతో కొన్న లింకులను పట్టి వాటి బలం తీసేసే అప్‌డేట్ ఒకటి వదిలిందని తర్వాత తెలిసింది. ఫిబ్రవరిలో, సైటు నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో మెసేజ్ వచ్చింది. మీ సైటుకు అసహజమైన లింకులు ఉన్నాయి, చర్య తీసుకున్నాం అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తమ్ముడికి చెప్పాలంటే టెన్షన్, చెప్పకపోతే ఇంకా టెన్షన్.

పొద్దున్నే సెర్చ్ కన్సోల్‌లో లింకుల విభాగం తెరిచి ఒక్కో సైటూ చూశాను. ఆ పని డబ్బు కట్టకముందే చేసి ఉండాల్సింది. జూదం సైట్లున్నాయి. ఏ భాషో తెలియని సైట్లున్నాయి. చెప్పుల కొట్టు పేరుతో ఉన్న ఒక సైటులో మందుల ప్రకటనల మధ్య మా కారం ఉంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ లింకుల మీద రాసిన మాటలు. లింకు నొక్కే చోట కనబడే మాటల్ని యాంకర్ టెక్స్ట్ అంటారు. మాకు వచ్చిన వాటిలో నాలుగు వందలకు పైగా ఒకే మాట, ఒకే వరస, అక్షరం తేడా లేకుండా: 'బై గుంటూరు చిల్లీ పౌడర్ ఆన్‌లైన్'. నాలుగు వందల మంది మనుషులు ఒక కొట్టు గురించి చెబితే ఒకే మాట అంటారా? ఒకరు మీ పేరు అంటారు, ఒకరు 'ఇక్కడ చూడండి' అంటారు, ఒకరు 'మా ఊరి కారం' అంటారు. అది చూస్తే నాకే అర్థమైంది, గూగుల్‌కు అర్థం కాకుండా ఉంటుందా.

ఆ రోజు మధ్యాహ్నం యార్డుకి వెళ్లి బాబాయికి జరిగింది చెప్పాను. ఆయనకు గూగుల్ గొడవ తెలియదు. లింకు అంటే ఏంటని అడిగారు. "ఒక సైటు వాళ్లు ఇంకో సైటుకి పూచీ పడటం లాంటిది బాబాయ్" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అనుకోకుండా వచ్చింది. ఆయనకు వెంటనే పట్టుబడింది.

"ఓసి పిచ్చితల్లీ, అట్టాంటిది డబ్బు పెట్టి కొంటారా ఎవరన్నా? ఇక్కడ కొత్త బేరగాడు వస్తే నిన్ను ఎవరు పంపారని అడుగుతాం. పాతికేళ్లుగా మాతో లావాదేవీ ఉన్న సేటు ఒక్క మాట చెబితే చాలు, డబ్బు రాకముందే సరుకు ఎత్తిస్తాం. దారిన పోయే వందమంది చెప్పినా లెక్క లేదు. ఇంకోటి. ఆ సేటే రోజుకు పాతికమందిని పంపిస్తుంటే, ఆయన మాటకీ బరువు తగ్గిపోద్ది."

గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ 1998లో ప్రచురించిన పేజ్‌ర్యాంక్ ఆలోచన సరిగ్గా ఇదే. పరిశోధన పత్రాల్లో ఎవరు ఎవర్ని ఉదహరించారో చూసి ఆ పత్రం విలువ అంచనా కడతారు కదా, అదే పద్ధతిని వెబ్ పేజీలకు తెచ్చారు. ఎన్ని లింకులు అన్నదానితో పాటు ఆ లింకు ఇచ్చిన పేజీకి ఎంత విలువుంది అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఆ పేజీ తన విలువను తాను లింకు ఇచ్చిన వాళ్లందరికీ పంచుతుంది, పంచుకునే వాళ్లు ఎక్కువైతే ఒక్కొక్కరి వాటా తగ్గుతుంది. ఇప్పుడు గూగుల్ చూసేవి ఇంకా ఎన్నో ఉన్నాయి, లింకు వాటిలో ఒకటి. కానీ పునాది మాత్రం మా బాబాయి చెప్పిన సేటు మాటే.

మాట్లాడుతూనే ఆయన పక్కనున్న టిక్కీలో చెయ్యి పెట్టారు. నలభై నలభై అయిదు కిలోల బస్తా అది. పైకాయ చూడలేదు, మోచేతి దాకా లోపలికి తోసి గుప్పెడు తీశారు. ఒక కాయ తుంచితే టప్‌మని విరిగింది. తేమ లేదన్నమాట. గింజలు అరచేతిలో రాల్చుకుని రంగు చూశారు, తోలు వెలుతురుకి పట్టి చూశారు, వాసన చూశారు. ఆ గుప్పెట్లో రెండు తెల్లగా పాలిపోయిన కాయలున్నాయి. తాలు. వాటిని వేరుగా పెట్టి, "పైన ఎర్రకాయ పేర్చి లోపల తాలు కలిపితే ఒకసారి అమ్ముడుపోద్ది. రెండోసారి ఆ రైతు బస్తా మొత్తం కుమ్మరించి చూస్తారు" అన్నారు. మా సైటుకు పడింది ఆ కుమ్మరింపే అనిపించింది.

ఆ మరక కడుక్కోవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. ఆ సైట్ల వాళ్లకు లింకు తీసేయమని మెయిళ్లు పెట్టాను. చాలామంది పలకలేదు. తీసేయడానికి డబ్బులడిగిన వాళ్లున్నారు, ఇవ్వలేదు. మిగిలిన వాటిని ఒక టెక్స్ట్ ఫైల్లో వరసకొక డొమైన్ చొప్పున రాసి, డిసావో టూల్‌లో పెట్టాను. ఈ లింకులు మావిగా లెక్కపెట్టొద్దు అని గూగుల్‌కి చెప్పే సాధనం అది, 2012 నుంచి ఉంది. తర్వాత పునఃపరిశీలన కోరుతూ గూగుల్‌కి రాశాను. మొదటిసారి 'ఎవరో మాకు తెలియకుండా చేశారు' అన్న ధోరణిలో రాశాను, తిరగ్గొట్టారు. రెండోసారి ఉన్నదున్నట్టు రాశాను: డబ్బులిచ్చి కొన్నాం, ఫలానా నెలలో, ఇవి తీయించాం, ఇవి తీయించలేకపోయాం, ఇంకెప్పుడూ కొనం. ఒప్పుకున్నారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎవరైనా మీ సైటుకు చెత్త లింకులున్నాయి, డిసావో చేయాలి, ఇంత ఇవ్వండి అంటే కంగారుపడి ఇవ్వకండి. ప్రతి సైటుకూ ఎక్కడెక్కడివో చెత్త లింకులు వస్తూనే ఉంటాయి, గూగుల్ వాటిని తనంతట తానే పక్కన పెట్టేస్తుంది. నాలాగా కొని, పైనుంచి చర్య పడితే తప్ప ఆ టూల్‌తో చాలామందికి పనే ఉండదు. తెలియక మంచి లింకుల్ని కూడా అందులో రాసేస్తే నష్టం మనకే.

చర్య ఎత్తేశాక మేం పాత చోటికి కూడా రాలేదు. కొన్న లింకుల బలం పోయింది, మా సొంత బలం అంటూ ముందు నుంచీ లేదు. ఇక మొదట్నుంచి మొదలు.

అప్పట్లో రోజూ ఒకే రకం ఫోన్లు వచ్చేవి. రాజమండ్రి నుంచి ఒకావిడ చేశారు, "మీ కారం బాగా ఎర్రగా లేదమ్మా, పాతదా?" అని. కాదండీ, అది తేజ కాయ, ఘాటు ఎక్కువ, మీరు చూసే ముదురెరుపు బ్యాడిగి కాయది, అది కర్ణాటక కాయ, రంగు ఎక్కువ ఘాటు తక్కువ, అని ఆవిడకు పది నిమిషాలు చెప్పాను. మర్నాడు హైదరాబాద్ నుంచి ఇంకొకరికి అదే చెప్పాను. ఫోను పెట్టేశాక వెతికి చూస్తే, ఏ కాయ ఎలా ఉంటుందో ఫొటోలతో, తెలుగులో, ఇంట్లో వంట చేసుకునే మనిషికి పనికొచ్చేలా చెప్పిన పేజీ నాకు దొరకలేదు. గుంటూరులో ఉండి, యార్డులో మనిషిని పెట్టుకుని, ఆ పేజీ మేం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

అయిదు వారాలు పట్టింది. పొద్దున ఎండ తీక్షణం కాకముందు యార్డులో, మధ్యాహ్నం బాబాయి వాళ్ల డాబా మీద తెల్లగుడ్డ పరిచి ఫొటోలు తీశాను. ప్రతి కాయ పక్కన రూపాయి బిళ్ల పెట్టాను, సైజు తెలియాలి కదా. తేజ సన్నగా, పొట్టిగా. 334 కాస్త పొడవు. ఆ ఎల్‌సీఏ 334 మన లాం ఫారంలో, అంటే గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, పుట్టిన వంగడమే. ఎల్‌సీఏలో మొదటి అక్షరం లాం ఊరిదే. బ్యాడిగి ముడతలు ముడతలుగా. తాలు కూడా పెట్టాను, అది కలిస్తే కారం రంగు ఎలా పాలిపోతుందో చూపించాను. ఒక్కో కాయ విప్పి గింజలు చూపించాను. ఆవకాయకు ఏది, చారులో పోపుకు ఏది, రంగు కావాలంటే రెండూ ఎంతెంత కలపాలి, మా పిన్ని చెప్పిన పాళ్లు పెట్టాను. మా కారం మాత్రమే మంచిదని ఎక్కడా రాయలేదు.

చివర్న గ్లాసు నీళ్ల పరీక్ష పెట్టాను. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇంట్లో చేసుకోవడానికి చెప్పిన పద్ధతి అది. గాజు గ్లాసులో నీళ్లు పోసి, పైన చిటికెడు కారం చల్లాలి. రంగు కలిపిన కారమైతే వెంటనే ఎర్రటి చారలు కిందికి దిగుతాయి. బజార్లో విడిగా అమ్మే కారం ఒకటి తెచ్చి, మాది ఒకటి పక్కన పెట్టి రెండిటికీ ఫొటోలు తీశాను. ఆ చార దిగడం ఫొటోలో పట్టుకోవడానికి పదిహేడు గ్లాసులు పోశాను. ఆ ఫొటోయే తర్వాత మాకు అన్నిటికంటే ఎక్కువ లింకులు తెచ్చింది.

2023 జూన్‌లో పేజీ పెట్టాను. రెండు నెలలు ఏమీ జరగలేదు. మంచిది రాస్తే లింకులు వాటంతటవే వస్తాయని చాలామంది చెప్తారు. అందులో సగమే నిజం. పేజీ ఉందని తెలిస్తే కదా ఎవరైనా లింకు ఇచ్చేది. వెళ్లి చెప్పాలి. ఎవరికి చెప్పాలో తెలుసుకుని చెప్పాలి.

నోట్‌బుక్కులో రాసుకున్నాను, ఈ పేజీ ఎవరికి అవసరం అని. బయటి దేశాల్లో ఉండి తెలుగు వంటలు రాసే ఆడవాళ్లు. వ్యవసాయ కళాశాలల పిల్లలు. హోమ్ సైన్స్ చెప్పే లెక్చరర్లు. గుంటూరు తిండి గురించి రాసే యాత్రికులు. మొదట ఇంటర్నెట్‌లో దొరికిన ఒక ఇంగ్లిష్ నమూనా మెయిల్ పేర్లు మార్చి ఇరవై మందికి పంపాను. ఒక్క జవాబు రాలేదు. రాకపోవడమే న్యాయం. అలాంటివి నాకూ రోజుకు నాలుగు వస్తాయి, నేనూ చదవను. తర్వాత ఒక్కొక్కరి పేజీ పూర్తిగా చదివి, ఒక్కొక్కరికీ విడిగా రాశాను. అమెరికాలో ఉండే ఒకావిడకు రాసినది ఇక్కడ పెడుతున్నాను:

"నమస్తే అండీ. మీ ఆవకాయ పేజీ చదివాను. ఆవపిండి పాళ్లు మా అమ్మమ్మ వేసినట్టే ఉన్నాయి. ఒక్క సంగతి. గిన్నెడు కారం అన్నారు, ఏ కాయ కారమో చెప్పలేదు. తేజ కారం అదే కొలతలో వేస్తే పచ్చడి నోట పెట్టుకోలేం, బ్యాడిగి వేస్తే రంగు వస్తుంది కానీ చప్పబడుతుంది. మాది గుంటూరు. యార్డులో కాయలు ఫొటోలు తీసి, ఏది దేనికి వాడాలో ఒక పేజీ రాశాను. మీ పేజీ చదివేవాళ్లకు పనికొస్తుందనిపిస్తే చూడండి. పనికిరాదనుకుంటే ఏం పర్లేదు, కారం సంగతి మాత్రం ఒక మాట చేర్చండి."

రెండు రోజుల్లో జవాబొచ్చింది. రెండేళ్లుగా ఆవకాయ ఎందుకు ఒక్కోసారి ఒక్కోలా వస్తోందో ఇప్పుడు తెలిసిందని రాశారు. లింకు ఇచ్చారు, దాని మీద మాటలు ఆవిడే పెట్టుకున్నారు: 'ఏ మిరపకాయ దేనికో గుంటూరు వాళ్లు చెప్పింది'. ఇంత చక్కని యాంకర్ టెక్స్ట్ డబ్బు పోస్తే దొరుకుతుందా? అలా చేత్తో రాసినవి నలభై మూడు మెయిళ్లు. పదకొండు జవాబులు. ఏడు లింకులు. అందులో రెండు ఆవిడ పేజీ చూసి వాళ్ల స్నేహితులు ఇచ్చినవి, నేను అడగనే లేదు.

నాకు బాగా నచ్చిన ఇంకో పద్ధతి చచ్చిపోయిన లింకులు వెతకడం. సైట్లు మూతపడతాయి, పేజీలు పోతాయి, వాటికి లింకు ఇచ్చిన పాత పేజీలు మాత్రం అలాగే ఉంటాయి. నొక్కితే 404, అంటే పేజీ లేదని, వస్తుంది. మసాలా దినుసుల పేర్లు అన్ని భాషల్లో ఇచ్చే పాత సైటు ఒకటి అలా పోయింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషిన్‌లో ఆ పాత పేజీ ఎలా ఉండేదో చూశాను. మిరపకాయను తమిళంలో మిళగాయ్, కన్నడంలో మెణసినకాయి అంటారని, అలాంటి పట్టిక ఉండేది. మా పేజీలో అది లేదు. చేర్చాను, తమిళం మాట ఉచ్చారణ కోసం మా పక్కింటి చెన్నై ఆంటీని రెండుసార్లు అడిగి మరీ రాశాను. ఆ పాత పేజీకి లింకు ఇచ్చిన తొమ్మిది మందికి మెయిల్ పెట్టాను: మీ పేజీలో ఈ లింకు పనిచేయడం లేదు, అలాంటి సమాచారమే ఇక్కడుంది అని. ముగ్గురు మార్చారు. ఒక కాలేజీ లెక్చరర్ గారైతే ఇంకో రెండు పోయిన లింకులు కూడా చూపించమని అడిగారు, చూపించాను.

పేరు రాసి లింకు ఇవ్వని చోట్లు కూడా ఉంటాయి. ఒక వార్తా సైటులో గుంటూరు పచ్చళ్ల మీద రాస్తూ మా కొట్టు పేరు వేశారు. మర్యాదగా రాసి లింకు అడిగితే ఇచ్చారు, కానీ నోఫాలో పెట్టి. ఈ లింకుకు నేను పూచీ కాదు అని గూగుల్‌కి చెప్పే గుర్తు అది. బ్లాగుల కింద చెత్త లింకులు ఆపడానికి 2005లో వచ్చింది. 2019లో దానికి తోడు రెండు వచ్చాయి, డబ్బులిచ్చిన లింకులకు స్పాన్సర్డ్, చదివేవాళ్లు తమంతట తాము రాసిన వాటికి యూజీసీ. అప్పటి నుంచి వీటిని గూగుల్ సూచనగా తీసుకుంటోంది, కచ్చితమైన ఆజ్ఞగా కాదు. నోఫాలో అని తమ్ముడు నీరసపడ్డాడు. ఆ వారం ఆ లింకు నొక్కి వచ్చిన వాళ్ల నుంచే ఇరవైకి పైగా ఆర్డర్లు వచ్చాయి. మనుషులు నోఫాలో చూసి రారు కదా. వికీపీడియా నుంచి బయటికి వెళ్లే లింకులు కూడా 2007 నుంచి నోఫాలోనే, కాబట్టి అక్కడ మన సైటు ఇరికించడం వల్ల వచ్చేది లేదు, వాళ్ల శ్రమ పాడుచేసినట్టు అవుతుంది. నేను ఒకసారి మిరప వ్యాసంలో చేర్చాను, ఒక గంటలో తీసేశారు. తీసేయడమే సరైన పని.

తమ్ముడు ఒక ప్లాను తెచ్చాడు. వంటల గురించి రాసే ఇరవై మందికి తలా కేజీ కారం ఉచితంగా పంపి, లింకు పెట్టమందాం అని. వస్తువు ఇచ్చి లింకు తీసుకోవడం కూడా కొన్న లింకు కిందకే వస్తుందని గూగుల్ నియమాల్లో స్పష్టంగా ఉంది. ఒకసారి చెయ్యి కాలాక నాకు ఆ ధైర్యం లేదు. నలుగురికి పంపాం, లింకు పెట్టినా పెట్టకపోయినా మీ ఇష్టం, పెడితే మాత్రం స్పాన్సర్డ్ గుర్తు పెట్టండి అని చీటీ రాసి. విజయవాడలో పెళ్లి ఫొటోలు తీసే మా క్లాస్‌మేట్ ఒకడు నువ్వు నాకు లింకు ఇవ్వు, నేను నీకు ఇస్తాను అన్నాడు. స్నేహం వేరు, కారానికి పెళ్లి ఫొటోలకు ఏం సంబంధం? వద్దన్నాను. అదే తెనాలిలో మా ఆవకాయకు నువ్వుల నూనె ఆడించి ఇచ్చే మిల్లు వాళ్ల సైటుకి మేం లింకు ఇచ్చాం, వాళ్లూ మాకు ఇచ్చారు. చదివేవాడికి ఆ నూనె ఎక్కడిదో తెలియాలి కాబట్టి ఇచ్చాం. పైకి చూస్తే రెండూ ఇచ్చిపుచ్చుకోవడమే, లోపల చాలా తేడా ఉంది.

అడ్రసు సంగతి చెప్పాలి, ఎందుకంటే మన గుంటూరు వాళ్లందరికీ ఈ ఇబ్బంది ఉంటుంది. బ్రాడీపేట అడ్రసు ఎన్ని రకాలుగా రాస్తాం! 4/14 అంటాం, నాలుగో లైను అంటాం, పద్నాలుగో అడ్డరోడ్డు అంటాం, ఫలానా స్వీట్ షాపు ఎదురు సందు అంటాం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఒకలా, జస్ట్‌డయల్‌లో ఒకలా, సైటు కింద ఒకలా ఉండేది మాది. ఫోను నంబరు కూడా రెండు చోట్ల పాతది. ఒక ఆదివారం కూర్చుని పేరు, అడ్రసు, ఫోను అన్నిచోట్లా ఒకేలా మార్చాను. చుట్టుపక్కల వాళ్లు మ్యాప్‌లో వెతికినప్పుడు కనబడటం ఆ తర్వాతే మెరుగైంది.

ఇంకో పొరపాటు దిద్దుకున్నాను. బయటి నుంచి అన్ని లింకులు వచ్చిన కాయల పేజీ నుంచి మా కారం అమ్మే పేజీకి ఒక్క దారీ లేదు. తేజ గురించి రాసిన చోట మా తేజ కారం పేజీకి, ఆవకాయ అన్న చోట ఆవకాయ పేజీకి లింకులు పెట్టాను. బయటి లింకుల కోసం తిరిగేవాళ్లు ముందు తమ సైటు లోపల చూసుకుంటే సగం పని అక్కడే అవుతుంది. ఖర్చు లేదు, ఎవర్నీ అడగక్కర్లేదు.

మెసేజ్‌లో ఉన్న ఆ డీఏ 50 గురించి. డొమైన్ అథారిటీ అనేది మోజ్ అనే కంపెనీ వేసే అంకె, ఒకటి నుంచి వంద వరకు. ఏరెఫ్స్ వాళ్లకు డీఆర్ అని ఇలాంటిదే ఉంది. రెండూ గూగుల్ అంకెలు కావు, గూగుల్ వాటిని వాడదు. పేజ్‌ర్యాంక్ అంకెను బయటికి చూపించడం కూడా 2016లో మానేసింది. ఏదైనా సైటు సుమారుగా ఎలా ఉందో అంచనా కట్టడానికి ఆ అంకెలు చూడొచ్చు. కానీ అమ్మేవాళ్లు ఆ అంకె పెంచిన సైట్లే అమ్ముతారు. నేను ఇప్పుడు అడిగే ప్రశ్నలు మూడు: ఈ పేజీని మనుషులు నిజంగా చదువుతున్నారా, ఇక్కడికొచ్చేవాడికి మా సంగతి కావాలా, గూగుల్ అనేదే లేకపోయినా ఈ లింకు నాకు కావాలా.

మా సైటు ఇప్పుడు కారం అమ్మే పేజీ విషయంలో మొదటి పేజీలో కింది భాగంలో ఉంటుంది, కాయల రకాల విషయంలో పైన ఉంటుంది. అక్కడికి రావడానికి ఏడాది పైనే పట్టింది. ప్రింటింగ్ షాపు అబ్బాయికి పదిహేను రోజులని చెప్పారు. ఆ అబ్బాయి దగ్గర పెళ్లి కార్డుల తెలుగు మాటలు, లగ్నపత్రికల నమూనాలు, బంధువుల పేర్లు ఏ వరసలో వేయాలన్న పద్ధతి, అన్నీ ఉన్నాయి. రోజూ జనం అవే అడుగుతుంటారు. తమ్ముడూ, ఇది చదువుతుంటే, ఆ ఆరు వేలతో మంచి ఫొటోలు తీయించుకుని ఆ పేజీ రాయి. మెయిళ్లు ఎలా పెట్టాలో నేను పక్కన కూర్చుని చూపిస్తాను.

మొన్న శనివారం ప్రత్తిపాడు వైపు రైతు ఒకాయన ఫోన్ చేశారు. "అమ్మా, మీరు 341 అని పెట్టిన ఫొటోలో ఉన్నది 341 కాదు, కాయ పొడవు చూడండి, ముచ్చిక చూడండి" అన్నారు. బాబాయికి చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, ఆయన చెప్పిందే నిజం, బస్తాలు మారినట్టున్నాయి అన్నారు. ఆ ఫొటో ఉన్న పేజీకి ఎంతమంది పూచీ పడ్డారో నాకు పేరు పేరునా తెలుసు. ఫొటో తీసేసి, సవరణ కింద తేదీతో రాసి, లింకు ఇచ్చిన వాళ్లందరికీ ఇలా తప్పు పడింది, రెండు రోజుల్లో సరైన ఫొటో పెడతాను అని మెయిల్ పెట్టాను. రేపు బాబాయికి బాగా తెలిసిన రైతు 341 తెస్తున్నారు. ఆరింటికల్లా యార్డులో ఉండమన్నారు. తెల్లగుడ్డ ఉతికి ఆరేశాను, రూపాయి బిళ్ల బ్యాగులో వేసుకున్నాను.